ఫుల్ హౌస్, బ్రేడీ బంచ్, ఫుల్లర్ హౌస్: పిల్లలతో కూర్చుని చూడాలంటే ఏది మేలు?

శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక నలుగురం సోఫాలో చేరి ఏదో ఒకటి చూడటం మా ఇంట్లో అలవాటు. పాపకి ఎనిమిదేళ్లు, బాబుకి పదకొండు. ఇద్దరికీ నచ్చాలి. మధ్యలో మేం కంగారుపడి రిమోట్ కోసం తడుముకునే సీన్లు ఉండకూడదు. ఇలా వెతుక్కుంటూ అమెరికా పాత ఫ్యామిలీ కామెడీల దగ్గరికి వచ్చాం. ఏడాదిగా మూడు సీరియళ్లు మార్చి మార్చి చూశాం. మూడూ అతి చేసేవే, మూడింట్లోనూ సెంటిమెంట్ ఓవరే. కానీ ఆ అతి ఒక్కోదాంట్లో ఒక్కోలా పనిచేస్తుంది. ఎంచుకోవాల్సింది దాన్ని బట్టేనని నాకు అనిపించింది.

ముందు ఫుల్ హౌస్. 1987లో ఏబీసీ ఛానల్లో మొదలై 1995 దాకా ఎనిమిది సీజన్లు, 192 ఎపిసోడ్లు నడిచింది. కథ శాన్‌ఫ్రాన్సిస్కోలో. డానీ టానర్ భార్య పామ్ రోడ్డు ప్రమాదంలో చనిపోయింది, తాగి బండి నడిపినవాడి వల్ల. ముగ్గురు ఆడపిల్లలు మిగిలారు. పెద్దది డీజేకి పదేళ్లు, స్టెఫనీకి ఐదు, మిషెల్‌కి ఇంకా ఏడాది నిండలేదు. పిల్లల్ని పెంచడానికి డానీ చిన్ననాటి స్నేహితుడు జోయీ, పామ్ తమ్ముడు జెస్సీ వచ్చి ఆ ఇంట్లోనే ఉండిపోతారు.

ఇంగ్లీషులో అందరూ 'అంకుల్ జెస్సీ' అనే అంటారు. మన చెవికి ఆ మాట చాలదు. అతను మేనమామ. అక్క పోతే ఆమె పిల్లల కోసం గిటారూ మోటార్‌సైకిలూ ఉన్న తన బతుకును పక్కకు జరుపుకుని వచ్చిన మేనమామ. మా పాపకి రెండో ఎపిసోడ్‌లోనే ఈ సంగతి చెప్పాను. అప్పట్నుంచి తను 'జెస్సీ మావయ్య' అనే అంటోంది. ఆ వరస తెలిశాక సీరియల్ బరువే మారిపోయింది. మొదటి ఎపిసోడ్‌లో డైపర్ మార్చడం చేతగాక ఆ ఇద్దరు మగాళ్లు పడే తంటాలు ఉత్త కామెడీ సీన్‌లా అనిపించవు. ఆ పని చేయాల్సిన మనిషి లేదు కాబట్టే వీళ్లు చేస్తున్నారని పిల్లలకీ అర్థమవుతుంది.

లోపాలు దాచను. ప్రతి ఎపిసోడ్ చివర రెండు నిమిషాలు ఒకే తీరు. మెత్తటి సంగీతం మొదలవుతుంది, మంచం మీద పక్కన కూర్చుని తండ్రో మావయ్యో బుద్ధి చెబుతాడు, కావలించుకుంటారు, ప్రేక్షకులు 'ఆ...' అని మురిసిపోతారు. మా బాబు మూడో వారానికే సంగీతం వినపడగానే "వచ్చేసింది" అనడం మొదలుపెట్టాడు. జోయీ కార్టూన్ గొంతులు మొదటి సీజన్‌లో సరదాగా ఉంటాయి, నాలుగో సీజన్‌కి విసిగిస్తాయి. మిషెల్ ముద్దొస్తుంది కాబట్టి తరవాతి సీజన్లలో కథంతా ఆ పిల్ల చుట్టూనే తిరుగుతుంది, తప్పు చేసినా ఎవరూ గట్టిగా అనరు. (ఆ పాత్ర వేసింది ఒక్కరు కాదు, కవలలు మేరీ కేట్, యాష్లీ ఓల్సెన్. పసిపిల్లలతో రోజుకు ఇన్ని గంటలకు మించి పని చేయించకూడదని చట్టం ఉంది, అందుకని వంతులు.) నాకు అన్నిటికంటే బాధ కలిగించేది పక్కింటి కిమ్మీని చూసే తీరు. ఎనిమిదేళ్ల పాటు ఆ పిల్ల కాళ్ల కంపు మీద, తెలివితక్కువతనం మీద జోకులే. ఇంటికి వచ్చిన పిల్లను పెద్దవాళ్లు అలా అనడం మన పిల్లలు నేర్చుకోకూడదు. ఇక్కడ నేను ఆపి మరీ చెబుతాను.

ఇంకో పెద్ద లోపం, ఎంత కష్టమైనా ఇరవై రెండు నిమిషాల్లో తీరిపోవడం. డీజే ఒళ్లు తగ్గాలని తిండి మానేసే ఎపిసోడ్ ఒకటి నాలుగో సీజన్‌లో ఉంది. ఆ వారంతో సరి, మళ్లీ ఆ ఊసే రాదు. ఆరో సీజన్‌లో స్టెఫనీ క్లాస్‌మేట్ ఒకడిని తండ్రి కొడుతుంటాడు. ఎవరికీ చెప్పనని మాటిచ్చిన స్టెఫనీ చివరికి జెస్సీకి చెప్పేస్తుంది. చాలా మంచి ఎపిసోడ్, మాటిచ్చినా చెప్పాల్సిన విషయాలు ఉంటాయని ఎనిమిదేళ్ల పిల్లకి ఇంతకంటే బాగా చెప్పడం నాకు చేతకాదు. కానీ ఆ అబ్బాయి తరవాత ఏమయ్యాడో సీరియల్ పట్టించుకోలేదు.

అయినా నేను దీన్నే ముందు పెడతాను. ఆ ఇల్లు పామ్‌ని మరిచిపోదు. రెండో సీజన్‌లో స్టెఫనీ ఎలుగుబంటి బొమ్మ పోయే ఎపిసోడ్ ఉంది. మిషెల్ పుట్టినప్పుడు అమ్మ తెచ్చి ఇచ్చిన బొమ్మ అది. ఇంట్లో తీసిన పాత వీడియోలో పామ్ కనిపిస్తుంది. అందుకే ఆ బొమ్మ కోసం ఇంటిల్లిపాదీ అలా తాపత్రయపడతారు. ఏడో సీజన్‌లో జెస్సీ తాత గ్రీస్ నుంచి వస్తాడు, మిషెల్ క్లాసుకి వచ్చి పిల్లలకి గ్రీకు నాట్యం నేర్పుతానంటాడు. నేర్పకుండానే చనిపోతాడు. పోయినేడు మా అమ్మ కాలం చేసింది. పిల్లలు ఆ రోజు వీడియో కాల్‌లో అంతా చూశారు, ఆ తరవాత ఒక్క మాటా అడగలేదు. మేమూ కదపలేదు. ఆ తాత ఎపిసోడ్ అయిపోయాక పాప "అమ్మమ్మ కూడా నాకు ఉగాదికి పచ్చడి చేయడం నేర్పుతా అంది కదా" అంది. ఆ రాత్రి పన్నెండు దాకా మాట్లాడుకున్నాం. ఏ నేర్పున్న నాటకమో ఇలా చేయగలదేమో, నాకు తెలిసి మా ఇంట్లో చేసింది మాత్రం ఈ అతి సీరియలే. ఆ మంచం, ఆ సంగీతం, ఆ కౌగిలింత ఊరికే పోసిన పాకం కాదు. అమ్మ లేని ఇంట్లో ఎవరో ఒకరు ఆ మంచం మీద కూర్చోవాలి కదా.

బ్రేడీ బంచ్ సంగతి వేరు. 1969 నుంచి 1974 దాకా, అదీ ఏబీసీలోనే, 117 ఎపిసోడ్లు. ముగ్గురు కొడుకులున్న మైక్, ముగ్గురు కూతుళ్లున్న క్యారల్ పెళ్లి చేసుకుంటారు. ఇంట్లో పనిమనిషి ఆలిస్ ఎనిమిదిమందినీ నవ్విస్తూ ఉంటుంది. పిల్లల అల్లరి ఇందులోనే ఎక్కువ సరదాగా ఉంటుంది. గ్రాండ్ క్యానియన్ ప్రయాణం, హవాయి ప్రయాణం మా బాబు రెండుసార్లు చూశాడు. ఆరుగురు పిల్లలకీ ఒకటే బాత్రూం, అందులో టాయిలెట్ కనిపించదు. ఇల్లు కట్టింది ఆర్కిటెక్ట్ అయిన ఆ తండ్రేనట! పిల్లలు దీనికి ఎంత నవ్వారో.

కానీ మొదటి ఎపిసోడ్‌లో చిన్నవాడు బాబీ చనిపోయిన అమ్మ ఫోటోని దాచేస్తాడు, కొత్తమ్మ నొచ్చుకుంటుందేమోనని. మైక్ దాన్ని ఉంచుకోమంటాడు. ఎంత మంచి సీన్! ఇక ఆ అమ్మ ప్రస్తావన దాదాపుగా రాదు. క్యారల్ మొదటి భర్త పోయాడా, విడిపోయారా అన్నది సీరియల్‌లో ఎక్కడా తేల్చరు. ఆమెను విడాకులు తీసుకున్న మనిషిగా చూపాలని సృష్టికర్త షెర్వుడ్ ష్వార్ట్జ్ అనుకున్నాడు, ఛానల్ ఒప్పుకోలేదు. సవతి తల్లి, సవతి తండ్రి అన్న మాటల్లో మనకు ఎంత చేదుందో తెలిసిందే. ఆ చేదును తీసేయాలన్న ఆశ మంచిదే. కానీ చేదును ఎదుర్కోకుండా పక్కన పెట్టేశారు. అందుకే ఆ ఇంట్లో గొడవలన్నీ పగిలిన ఫ్లవర్ వాజ్, ఫుట్‌బాల్ తగిలి వాచిన ముక్కు దగ్గరే ఆగిపోతాయి. ఇంకోటి, ఆరుగురు పిల్లలకీ తట్టు వచ్చే ఎపిసోడ్‌లో అదేదో బడికి సెలవు దొరికిన సరదాలా చూపిస్తారు. తట్టు ప్రాణాలు తీసే జబ్బు. పిల్లలకి ఆ మాట చెప్పకుండా అది చూపించకండి.

ఫుల్లర్ హౌస్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. 2016 నుంచి 2020 దాకా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, 75 ఎపిసోడ్లు. ఇప్పుడు డీజే భర్తను పోగొట్టుకున్న ముగ్గురు మగపిల్లల తల్లి, తోడుగా చెల్లెలు స్టెఫనీ, స్నేహితురాలు కిమ్మీ వస్తారు. కిమ్మీకి ఆ ఇంట్లో చోటు దొరకడం చూసి నాకు నిజంగా సంతోషం వేసింది. మిగతాది చాలావరకు పాత ఊతపదాలు మళ్లీ అనడం, ప్రేక్షకులు కేకలు వేయడం. పాతది చూసినవాళ్లకి ముచ్చట, చూడని పిల్లలకి అయోమయం. పైగా పెద్దవాళ్ల డేటింగ్ జోకులు వస్తాయి, మాకు రిమోట్ అవసరమైంది దీనితోనే.

ఐదారేళ్ల పిల్లలైతే బ్రేడీ బంచ్‌తో మొదలుపెట్టండి, ఏ టెన్షన్ ఉండదు. ఏడెనిమిదేళ్లు దాటితే ఫుల్ హౌస్. ఎనిమిది సీజన్లూ అక్కర్లేదు. మొదటి ఆరు వరసగా చూసి, ఏడులో తాత ఎపిసోడ్ తప్పకుండా చూడండి. ఎనిమిదోది మేం సగంలో వదిలేశాం. ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయి ఉంటే మాత్రం ఆ తాత ఎపిసోడ్‌ని పిల్లల్ని ఒంటరిగా చూడనివ్వకండి. మర్నాడు బడి లేని రాత్రి పెట్టుకోండి.