ఐ7తో 8 జీబీనా, ఐ5తో 16 జీబీనా?

మా మేనకోడలు బీటెక్‌లో చేరింది. షాపులో దాదాపు ఒకే ధరకి రెండు లాప్‌టాప్‌లు చూపించారు. ఒకటి కోర్ ఐ7-1355యూ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ (నడుస్తున్న పనుల డేటా ఉండే మెమరీ). రెండోది ఐ5-1335యూ, 16 జీబీ. తన మనసంతా ఐ7 మీదే.

రెండు ప్రాసెసర్ల వివరాలూ పక్కపక్కన పెట్టి చూశాం. రెండింటికీ 10 కోర్లే (లెక్కలు చేసే భాగాలు), క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న మెమరీ) కూడా 12 ఎంబీయే. గరిష్ఠ వేగం ఐ7కి 5 గిగాహెర్ట్జ్, ఐ5కి 4.6. అదీ కాసేపే, వేడెక్కితే రెండూ తగ్గుతాయి.

ర్యామ్ సంగతి అలా కాదు. నా 8 జీబీ లాప్‌టాప్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి చూపించాను. పన్నెండు క్రోమ్ ట్యాబ్‌లు, ఒక వీడియో కాల్, అంతే. మెమరీ అప్పటికే 91 శాతం! రేపు దానికి ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ (ఫోన్ యాప్‌లను లాప్‌టాప్‌లోనే నడిపి చూసే ప్రోగ్రామ్) కూడా తోడవుతుంది. ర్యామ్ నిండితే డేటా ఎస్ఎస్‌డీకి (ఫైళ్లు దాచే డ్రైవ్‌కి) వెళ్లి వస్తుంటుంది. ఎస్ఎస్‌డీ ఎంత మంచిదైనా ర్యామ్ వేగం రాదు. ఎంత గొప్ప ప్రాసెసరైనా ఆ డేటా వచ్చేదాకా ఆగాల్సిందే.

"తర్వాత ర్యామ్ వేయించుకోవచ్చు" అన్నాడు షాపతను. ఖాళీ స్లాట్ ఉంటే నిజమే. పల్చటి మోడళ్లలో చాలావాటికి ర్యామ్‌ని బోర్డుకే సోల్డర్ చేసి అతికించేస్తారు. ఆ ఐ7 అలాంటిదే. అందుకే ఐ5 తీసుకున్నాం.