విల్లెమ్‌స్టాడ్ పాత ఊరు: వంతెన తెరుచుకుంటే ఏం చెయ్యాలి, ఎక్కడ ఎంతసేపు ఉండాలి

కరీబియన్ దీవి కురసావ్ రాజధాని విల్లెమ్‌స్టాడ్ అనగానే అందరికీ తెలిసిన ఫొటో ఒకటుంది. నీళ్ల ఒడ్డున వరసగా పసుపు, గులాబి, నీలం మేడలు. ఆ వరస పేరు హాండెల్స్‌కాడె. అందంగా ఉంటుంది, కాదనం. కానీ ఓడ దిగి, ఆ మేడల ముందు ఫొటో తీయించుకుని, అయస్కాంతం బొమ్మ ఒకటి కొనుక్కుని వెళ్లిపోయేవాళ్లు ఈ ఊరిని చూసినట్టు కాదు. ఇది బొమ్మల కొలువు కాదు, పనిలో ఉన్న రేవు. ఇక్కడ ఓడదే పైచేయి. కాలినడకన వెళ్లేవాళ్లు ఆగి దారివ్వాలి. ఆ సంగతి బుర్రలో పెట్టుకుని రోజును సర్దుకుంటే, కరీబియన్ రాజధానుల్లో నడిచి చూడటానికి ఇంత అనువైనవి తక్కువే.

ముందు నేల సంగతి. సింట్ అన్నా బే అనే సన్నని జలమార్గం ఊరిని రెండుగా చీల్చుకుంటూ లోపలి స్కొట్టెగట్ రేవులోకి పోతుంది. తూర్పు ఒడ్డు పుండా, పడమటి ఒడ్డు ఒత్రోబండా. పుండా వెనక పీటర్‌మాయ్, చిన్న వాగులాంటి పాయ దాటితే స్కార్లో. ఈ నాలుగు పేటలూ, రేవూ కలిపి 1997లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. డచ్ వెస్ట్ ఇండియా కంపెనీ 1634లో స్పెయిన్ చేతిలోంచి దీవిని లాక్కున్నది ఈ రేవు కోసమే. వానలు తక్కువ, నేల ఎండు, చెరకు పండే చోటు కాదు. అందుకని దీవి మొత్తం గోదాముగా మారింది: ఉప్పు, సరుకు, అన్నిటికన్నా ఎక్కువగా మనుషులు. ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలను ఇక్కడ దించి, స్పానిష్ వలసలకు అమ్మేవాళ్లు. హాండెల్స్‌కాడె మేడల సొమ్ములో ఆ వ్యాపారం వాటా ఉంది. ఈ సంగతి పుండాలో తిరిగేటప్పుడు ఎవరూ గుర్తు చేయరు. దానికి అవతలి ఒడ్డుకు వెళ్లాలి.

రంగుల గురించి గైడ్లందరూ చెప్పే కథ ఒకటుంది. 1817లో గవర్నర్ కికర్ట్, తెల్ల సున్నం మీద ఎండ పడితే తనకు తలనొప్పి వస్తోందని తెలుపు వేయొద్దన్నాడట. ఆయనకు రంగుల దుకాణంలో వాటా ఉందని తర్వాత తెలిసిందట. నవ్వుకోవడానికి బాగుంది, అంతకుమించి బరువు మోపకండి. ఫొటోల విషయంలో మాత్రం ఒక లెక్క ఉంది. ఈ వరస పడమటికి తిరిగి ఉంటుంది. పొద్దున పూట సూర్యుడు మేడల వెనక ఉంటాడు కాబట్టి గోడలు మసగ్గా వస్తాయి. మధ్యాహ్నం మూడు దాటాక ఒత్రోబండా గట్టు మీద నిలబడితే వెలుగు నేరుగా గోడల మీద పడుతుంది. మూలనున్న పసుపు రంగు పెన్యా భవనం 1708 నాటిది. దాని అలంకారం దగ్గర నుంచి చూడాలి, దూరం నుంచి తెలియదు.

ఇక వంతెన. క్వీన్ ఎమ్మా వంతెన 1888 నాటిది. పొడవు 167 మీటర్లు, పడవల్లాంటి తేలే పీపాల మీద నిలబడి ఉంటుంది. ఒత్రోబండా వైపు కీలు, పుండా వైపు కొసన చిన్న గది. ఆ గదిలో నడిపేవాడు ఇంజిన్లు వేస్తే, కింద ప్రొపెల్లర్లు తిరిగి వంతెన మొత్తం తలుపులా పక్కకు జరుగుతుంది. గంట మోగుతుంది, గేట్లు వేస్తారు. అప్పటికే వంతెన మీదున్నవాళ్లు దిగనక్కర్లేదు, దాంతోపాటే తిరిగి రావచ్చు. ఉచితంగా దొరికే షికారు అది. పరిగెత్తి దూకడం మాత్రం వద్దు, గేటు పడిందంటే పడినట్టే.

చూడాల్సింది జెండా. నారింజ జెండా ఎగిరితే చిన్న పడవేదో వస్తోంది, కొన్ని నిమిషాల్లో వంతెన మళ్లీ ఒడ్డుకు కలుస్తుంది, అక్కడే నిలబడండి. నీలం జెండా ఎగిరితే పెద్ద ఓడ, అరగంట దాటవచ్చు. అప్పుడు ఫెర్రీ ఎక్కాలి. స్థానికులు పోంచి అంటారు. వంతెన తెరిచినప్పుడే నడుస్తుంది, టికెట్ లేదు. రెండు ఒడ్డులా దాని మెట్టు వంతెనకు కాస్త ఉత్తరంగా, రేవు లోపలి వైపు ఉంటుంది. కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటే: నీలం జెండా చూసి కూడా గేటు దగ్గర గుంపులో నిలబడిపోతారు. ఈలోగా తెలిసినవాళ్లు రెండు ట్రిప్పులు దాటేసి ఉంటారు.

క్రూజ్ ప్రయాణికులకు ఇది ఇంకా ముఖ్యం. పెద్ద ఓడలు ఆగే మెగా పియర్ ఒత్రోబండా వైపు, జలమార్గం బయట, సముద్రం మీద ఉంది. రిఫ్ ఫోర్ట్ దాటుకుని వంతెన దాకా నడక పది నిమిషాలు. వెళ్లేటప్పుడు ఇబ్బంది ఉండదు. తిరిగి వచ్చేటప్పుడు పుండాలో ఉండగా నీలం జెండా ఎగిరితే చెమటలు పడతాయి. ఓడ ఎక్కాల్సిన సమయానికి కనీసం ముప్పావు గంట ముందే వంతెన దాటేసి, మిగిలిన కాలక్షేపం ఒత్రోబండాలో చేసుకోవడం తెలివైన పని.

ఒకప్పుడు ఈ వంతెనకు సుంకం ఉండేది. చెప్పులున్నవాళ్లకు రెండు సెంట్లు, వట్టికాళ్ల వాళ్లకు ఉచితం. పేదలు పరువు కోసం చెప్పులు అరువు తెచ్చుకునేవాళ్లనీ, డబ్బున్నవాళ్లు చెప్పులు చేతపట్టుకుని దాటేవాళ్లనీ చెబుతారు. సుంకం 1934లో పోయింది. కార్లు 1974లో పోయాయి, ఆ ఏడు క్వీన్ జూలియానా వంతెన తెరిచారు కాబట్టి. అది నీటికి 56 మీటర్ల ఎత్తులో ఊరి మీదుగా పోతుంది. కట్టేటప్పుడు 1967లో ఒక భాగం కూలి 15 మంది కూలీలు చనిపోయారు. దాని మీద నడవడానికి వీల్లేదు. పైనుంచి రేవు చూడాలంటే టాక్సీ కిటికీలోంచే.

పుండాలో ఒక్కటే చూడగలమంటే మిక్వే ఇస్రాయేల్-ఇమాన్యుయేల్ యూదుల ప్రార్థనామందిరం చూడండి. సంఘం 1651 నాటిది, ఇప్పటి కట్టడం 1732 నాటిది. అమెరికా ఖండాల్లో ఆగకుండా వాడుకలో ఉన్నవాటిలో ఇదే పాతది. లోపల నేలంతా ఇసుక. సినాయ్ ఎడారి ప్రయాణానికి గుర్తు అంటారు. స్పెయిన్, పోర్చుగల్‌లలో దొంగచాటుగా ప్రార్థన చేసుకున్న పూర్వీకులు అడుగుల చప్పుడు వినపడకుండా ఇసుక పోసుకునేవాళ్లని కూడా అంటారు. మడమల చెప్పులు వేసుకొస్తే దిగబడతాయి. పైన ఇత్తడి దీపవృక్షాలు, చుట్టూ ముదురు మహాగని చెక్క, ఆ నీలం గాజు కిటికీల వెలుగు: బయట ఎండలోంచి వచ్చినవాళ్లకు కళ్లు కుదురుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలూ కూర్చోండి.

చాలామంది మందిరం చూసి బయటికి వచ్చేస్తారు. పక్కనే అదే ప్రాంగణంలో మ్యూజియం ఉంది. పెరట్లో గోడ వెంబడి సమాధి రాళ్ల నకళ్లు వరసగా పెట్టారు. అసలు రాళ్లు ఊరి బయట బెత్ హయిమ్ శ్మశానంలో ఉన్నాయి, కానీ వాటి మీద చెక్కిన బొమ్మలు చాలావరకు చెరిగిపోయాయి. కారణం పక్కనున్న చమురు శుద్ధి కర్మాగారం. ఇక్కడ గాలి ఏడాది పొడుగునా తూర్పు నుంచే వీస్తుంది. కర్మాగారం పొగ దశాబ్దాల పాటు నేరుగా ఆ రాళ్ల మీద పడింది. అంటే ఈ ఊళ్లో ఇప్పుడు అసలు కన్నా నకలే స్పష్టంగా చదవగలం. శ్మశానం దాకా పోవడం కన్నా ఈ పెరట్లో ఇరవై నిమిషాలు గడపడం మేలు. మందిరం శని, ఆదివారాల్లో సందర్శకులకు మూత. వారాంతానికి వచ్చి తలుపు చూసి వెళ్లేవాళ్లు ప్రతి వారం ఉంటారు.

ఫోర్ట్ ఆమ్‌స్టర్‌డామ్ వంతెనకు రెండడుగుల దూరం. 1635లో మొదలుపెట్టిన కోట, ఇప్పటికీ గవర్నర్ నివాసం, ప్రభుత్వ కార్యాలయాలు అందులోనే. అందుకని ముంగిట్లోకి ఉచితంగా వెళ్లవచ్చు, గదుల్లోకి కాదు. లోపలి ప్రొటెస్టెంట్ చర్చి 1769 నాటిది. దాని గోడలో ఇరుక్కున్న ఫిరంగి గుండు 1804లో బ్రిటిష్ కెప్టెన్ బ్లై నౌకలు కాల్చినది. వెతకండి, దొరుకుతుంది. పావుగంట పని.

భోజనానికి ప్లాసా బియూ. పాత సంత షెడ్డు, గుండ్రటి కొత్త మార్కెట్ భవనం వెనక. వరసగా వంటశాలలు, ఎవరి పొయ్యి వాళ్లది, పొడవాటి బల్లల మీద అందరూ కలిసి కూర్చుంటారు. ఇది పగటి భోజనశాల మాత్రమే. పదకొండున్నరకు వెళ్తే అన్నీ ఉంటాయి, ఒంటిగంటన్నర దాటితే మంచివి అయిపోతాయి. ముందు ఒక చుట్టు తిరిగి గిన్నెల్లోకి తొంగి చూడండి, ఎవరూ ఏమీ అనుకోరు. కబ్రితు స్తోబా అంటే మేక మాంసం పులుసు, ఎముకతో, మెత్తగా ఉడికి ఉంటుంది. దానికి ఫుంచి, అంటే మొక్కజొన్న పిండి ముద్ద, అన్నం కన్నా బాగా కుదురుతుంది. పక్కన పచ్చి ఉల్లి, మిరప ఊరేసిన పికా అడగండి, కొంచెమే వేసుకోండి. ఒక ప్లేటు ఇద్దరికి సరిపోతుంది.

శాకాహారులకు హెచ్చరిక. గియాంబో బెండకాయ సూపే గానీ అందులో చేప, ఉప్పు మాంసం పడతాయి. బొబ్బర్లతో చేసే టూటూలోనూ మాంసం ముక్క తగలవచ్చు. వేయించిన అరటి, ఫుంచి, అన్నం తీసుకుని పులుసు లేకుండా అడగడమే దారి. ఇగ్వానా సూప్ గురించి టీవీలో చూసి వచ్చేవాళ్లుంటారు. ఎముకలెక్కువ, కండ తక్కువ, కబ్రితు ముందు నిలవదు. సేవ నిదానం. బిల్లు ఏ పొయ్యి దగ్గర తీసుకుంటే అక్కడే, చిల్లర నోట్లు ఉంచుకోండి.

డబ్బు మాట వచ్చింది కాబట్టి: 2025 మార్చి 31 నుంచి ఇక్కడి కరెన్సీ కరీబియన్ గిల్డర్. పాత నెదర్లాండ్స్ యాంటిలీస్ గిల్డర్ స్థానంలో ఒకటికి ఒకటిగా వచ్చింది. డాలరుకు 1.79 అని స్థిరంగా కట్టి ఉంది. డాలర్లు దాదాపు అంతటా తీసుకుంటారు, కాకపోతే దుకాణాలు 1.75 లెక్క కడతాయి, చిల్లర గిల్డర్లలో ఇస్తాయి. ఎవరైనా పాత గిల్డర్ నోటు చేతిలో పెడితే తీసుకోవద్దు. దుకాణాల్లో అది చెల్లదు.

వాగు పక్కనున్న తేలే సంత మీద ఆశ పెట్టుకోకండి. వెనెజులా నుంచి పడవలు పళ్లు, చేపలు తెచ్చి పడవల మీదే అమ్మేవి. 2019లో సరిహద్దు మూసేశాక ఆ సందడి తెగిపోయింది. పాత గైడు పుస్తకాల్లో ఫొటోలు మాత్రం అలాగే ఉన్నాయి.

మధ్యాహ్నం ఒత్రోబండాకు. వంతెన దిగగానే బ్రియోన్ చౌకు, దక్షిణ అమెరికాలో స్పెయిన్ మీద పోరాడిన బొలివార్ నౌకాదళాన్ని నడిపిన ఈ ఊరివాడి పేరు. ఇక్కడి చుట్టూ కొన్ని చోట్ల పాత భవనాల మధ్య ఖాళీలు, కొత్త కట్టడాలు ఎందుకున్నాయో తెలియాలంటే 1969 మే 30 గుర్తుండాలి. కూలి తేడాల మీద మొదలైన సమ్మె ఊరేగింపుగా మారి, పుండా, ఒత్రోబండా వీధుల్లో మంటలయింది. ఇద్దరు చనిపోయారు, డచ్ సైనికులు దిగారు. దీవి రాజకీయాలు ఆ రోజుతో మారాయి.

కురా హులాండా మ్యూజియం ఈ వైపే. బానిస వ్యాపారం మీద, పశ్చిమాఫ్రికా నాగరికతల మీద పెద్ద సేకరణ. బానిసల ఓడ అడుగు గది నమూనాలోకి దిగి చూడవచ్చు. అమర్చిన తీరు కాస్త గందరగోళం, పలకల మీద రాత ఎక్కువ, వరస కుదరదు. అయినా ఈ ఊరికి వచ్చి దీన్ని వదిలేస్తే హాండెల్స్‌కాడె సగమే అర్థమవుతుంది. గంటన్నర ఉంచుకోండి, బయలుదేరే ముందు ఆ రోజు తెరిచారో లేదో కనుక్కోండి. 1795 ఆగస్టు 17న బానిసల తిరుగుబాటు నడిపిన టులా కథ తెలుసుకుని వెళ్తే మరీ మంచిది. ఆయన్ని ఆ అక్టోబరు 3న చంపారు. బానిసత్వం పోయింది 1863 జూలై 1న.

స్కార్లోలో పాత వర్తకుల భవంతులు, పీటర్‌మాయ్‌లో బాగుచేసిన ఇళ్లలో హోటళ్లు. రెండూ సాయంత్రం నడకకు. చీకటి పడ్డాక పీటర్‌మాయ్ పెద్ద వీధి సందడిగా ఉంటుంది; ఒత్రోబండా లోపలి సందులు, స్కార్లో ఖాళీ వీధులు అప్పుడు వద్దు.

టాక్సీలకు నంబరు పలక మీద టీఎక్స్ ఉంటుంది, మీటరు ఉండదు. ఎక్కేముందే మొత్తం అడిగి, డాలర్లా గిల్డర్లా అన్నది తేల్చుకోండి. హాటో విమానాశ్రయం పన్నెండు కిలోమీటర్ల దూరం. కుళాయి నీళ్లు సముద్రపు నీటిని శుద్ధి చేసినవే, తాగవచ్చు. సీసా నింపుకుని తిరగండి. గాలి ఎప్పుడూ వీస్తుంటుంది కాబట్టి ఎండ దెబ్బ తెలియదు, సాయంత్రానికి తెలుస్తుంది. టోపీకి తాడు కట్టుకోండి, వంతెన మీద చాలా టోపీలు నీళ్లపాలవుతాయి.

ఆదివారం పుండా దుకాణాలు చాలావరకు మూసే ఉంటాయి. గురువారం సాయంత్రం వీధుల్లో పాటలు, ఆటలు ఉంటాయి. ఒక్క రోజే ఉంటే గురువారం ఎంచుకోండి: మందిరం తెరిచి ఉంటుంది, ప్లాసా బియూ వండుతుంది, రాత్రి దాకా ఊళ్లో జనం ఉంటారు. కురసావ్ అనే నీలం రంగు మద్యం కోసం, అది తయారయ్యే చోబొలోబో భవంతికి వెళ్లాలా అని అడిగేవాళ్లకు: లరాహా అనే చేదు నారింజ తొక్కతో చేస్తారు, నీలం ఉత్త రంగే, రంగులేని సీసా రుచీ అదే. అది పాత ఊరి బయట ఉంది, టాక్సీ ఖర్చు విడిగా. రెండో రోజు ఉంటేనే వెళ్లండి.