రెండున్నరేళ్ల వాడకం తర్వాత: నా ల్యాప్‌టాప్, ఎవరిదో ఖాతా

2023 జూన్‌లో ఈ ల్యాప్‌టాప్ కొన్న కొత్తలో తెలిసినవాళ్లందరికీ ఇదే కొనమని చెప్పాను. ఇప్పుడు అడిగినా కొనమనే అంటాను. కానీ ముందు ఒక షరతు పెడతాను. పెట్టె విప్పి మొదటిసారి ఆన్ చేసేటప్పుడు మీరే కూర్చోండి, ఆ పని ఇంకెవరి చేతికీ ఇవ్వకండి. ఆ పది నిమిషాలు నేను కూర్చోకపోవడం వల్ల, రెండేళ్ల తర్వాత మా నాయనమ్మ గొంతునే పోగొట్టుకునేంత పనయింది. ప్రాసెసర్, ర్యామ్ వివరాలు పెట్టె మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి వెళ్లను.

నేను నూజివీడు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. ప్రశ్నపత్రాలు, పిల్లల గోడపత్రిక, మార్కుల పట్టికలు, సెలవుల్లో కాస్త అనువాదం. నా పనంతా అక్షరాలతోనే. అందుకే దుకాణంలో నేను చూసుకున్నది మీటలే. విండోస్‌లో తెలుగు భాషను జోడించి, విండోస్ మీటతో పాటు స్పేస్ నొక్కితే ఇంగ్లిషు నుంచి తెలుగులోకి మారిపోతుంది. నాది ఇన్‌స్క్రిప్ట్ అనే మీటల అమరిక అలవాటు. అందులో వత్తు కావాలంటే మధ్యలో పొల్లు పడాలి, ఆ పొల్లు ఉండేది ఇంగ్లిషు డి మీట మీద. అదే మీటను షిఫ్ట్‌తో నొక్కితే 'అ' వస్తుంది. 'రక్తం' అన్నా, 'పుస్తకం' అన్నా, 'అమ్మ' అన్నా వేలు అక్కడికి వెళ్లాల్సిందే. ఈ ల్యాప్‌టాప్ మీటలు మెత్తగా దిగి వెంటనే పైకి లేస్తాయి. మూడు గంటలు కొట్టినా వేళ్లు నొప్పి పెట్టవు, రాత్రిపూట పక్కగదిలో పడుకున్నవాళ్లకు చప్పుడు వినిపించదు. కొన్న నెలలో నేను పొగిడింది దీన్నే.

ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను, కొంచెం తగ్గించి. డి మీట మీద ఇంగ్లిషు అక్షరం పూర్తిగా చెరిగిపోయింది. అచ్చులకూ, ఖ, ఘ లాంటి ఒత్తి పలికే అక్షరాలకూ షిఫ్ట్ వాడాలి కాబట్టి ఎడమ షిఫ్ట్ ఒక మూల వదులైంది. గట్టిగా నొక్కకపోతే 'ఖ' రావాల్సిన చోట 'క' పడుతోంది. ఇంగ్లిషులోనే పని చేసేవాళ్లకు ఈ అరుగుదల ఇంత త్వరగా రాకపోవచ్చు.

ఇక అసలు సంగతి.

కొన్నది విజయవాడలో, ఒక మామూలు కంప్యూటర్ల దుకాణంలో. బిల్లు కట్టాక అక్కడి కుర్రాడు, "మేడం, మీరు కూర్చోండి, పది నిమిషాల్లో అన్నీ సెట్ చేసి ఇస్తాను" అన్నాడు. ఎండలో వచ్చానని చల్లటి నీళ్లు కూడా ఇచ్చాడు. కొంతసేపటికి ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి, నాలుగు అంకెల పిన్ పెట్టుకోమన్నాడు. పెట్టుకున్నాను. ఆ తర్వాత రెండేళ్లు రోజూ ఆ పిన్‌తోనే తెరిచాను. సెట్టింగ్స్ తెరిచినప్పుడల్లా పైన ఒక మెయిల్ చిరునామా కనిపించేది. ఆ దుకాణం పేరుతో మొదలయ్యేది. అమ్మినవాళ్ల గుర్తు కాబోలు అనుకుని వదిలేశాను.

ఆ చిరునామా నా ల్యాప్‌టాప్ యజమాని పేరు. కుర్రాడు నాకు విడిగా ఖాతా తెరవలేదు. దుకాణానికి ఉన్న ఒకే మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్లి నా చేతికి ఇచ్చేశాడు. ఇప్పటి కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో అలా ఖాతాతో లోపలికి వెళ్లగానే డిస్క్‌కు తాళం పడుతుంది. దాన్నే డివైస్ ఎన్‌క్రిప్షన్ అంటారు, బిట్‌లాకర్ అన్న పేరూ వినే ఉంటారు. తాళంచెవి మదర్‌బోర్డులోని భద్రతా వ్యవస్థ దగ్గర, అంటే టీపీఎం దగ్గర ఉంటుంది. అందువల్ల రోజువారీగా మనకు ఏ తేడా తెలియదు. ఎప్పుడైనా ఆ తాళంచెవి పనిచేయకపోతే వాడుకోవడానికి 48 అంకెల రికవరీ కీ ఒకటి తయారై, లోపలికి వెళ్లిన ఖాతాలో భద్రమవుతుంది. అంటే నా డిస్క్ మారు తాళంచెవి రెండేళ్లుగా దుకాణం వాళ్ల దగ్గరే ఉంది. ఆ సంగతి వాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు.

2025 ఆగస్టులో ఒక సాయంత్రం ల్యాప్‌టాప్ ఆన్ కాలేదు. ఛార్జర్ దీపం కూడా వెలగలేదు. మూడేళ్ల వారంటీకి అదనంగా డబ్బు కట్టి ఉన్నాను కాబట్టి భయపడలేదు. ఫోన్ చేసిన నాలుగో రోజు సర్వీసు అబ్బాయి కొత్త మదర్‌బోర్డు పట్టుకుని ఇంటికే వచ్చాడు. భోజనాల బల్ల మీద తువ్వాలు పరిచి, మరలు విప్పి, గంటలోపే బోర్డు మార్చేశాడు. ఎంత నేర్పుగా చేశాడంటే ఒక్క మర కూడా కింద పడలేదు. బటన్ నొక్కగానే దీపం వెలిగింది. సంతోషించేలోపే తెరంతా నీలం రంగు. మధ్యలో ఒక పెట్టె. రికవరీ కీ ఇవ్వమని అడుగుతోంది.

"కీ ఉందా మేడం?" అని అడిగాడు. ఏ కీ అన్నాను. అతని ముఖంలో మార్పు వచ్చింది. "లేకపోతే విండోస్ మళ్లీ వేయాలి. లోపల ఉన్నవన్నీ పోతాయి" అన్నాడు. పాత బోర్డు తిరిగి పెడితే తెరుచుకుంటుందా అని అడిగాను. తాళంచెవి అందులోనే ఉంది, నిజమే, కానీ ఆ బోర్డుకు కరెంటే అందడం లేదు.

లోపల ఏమున్నాయో చెప్పాలి. ప్రశ్నపత్రాలు పోతే మళ్లీ తయారుచేసుకుంటాను. 2019 వేసవిలో మా నాయనమ్మ దగ్గర కూర్చుని ఫోనులో పట్టిన పాటలు అందులో ఉన్నాయి. మొత్తం 63. దంపుళ్ల పాటలు, లాలిపాటలు, మేలుకొలుపులు, పెళ్లిలో అప్పగింతలప్పుడు పాడేవి. ఆమె 2021లో పోయింది. ఆ ఫోను ఆ తర్వాతి ఏడాది పాడైంది. అప్పటికే పాటలు కంప్యూటర్లోకి ఎక్కించాను కదా అని ధీమాగా ఉన్నాను. ఇంకో చోట దాచుకోలేదు. ఆ రాత్రి నీలం తెర ఎదురుగా కూర్చుని, ఆ పాటలు ఈ పెట్టెలోనే, నా బల్ల మీదే ఉన్నాయని తెలిసీ అందుకోలేకపోవడం నన్ను ఎంత కుంగదీసిందో మాటల్లో పెట్టలేను.

ముందు నా సొంత మైక్రోసాఫ్ట్ ఖాతాలో వెతికాను. అందులో ఏ కీ లేదు. హైదరాబాద్‌లో కంప్యూటర్ల పనే చేసే మా తమ్ముడికి ఫోన్ చేస్తే వాడు అడిగిన మొదటి ప్రశ్న, "అక్కా, మొదటిసారి ఆన్ చేసింది ఎవరు?" అని. అప్పుడు వెలిగింది.

మర్నాడు రెండో శనివారం. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని మొదటి బస్సుకే విజయవాడ వెళ్లాను. దుకాణం ఉంది, కుర్రాడు లేడు. ఏడాది కిందటే మానేసి వెళ్లిపోయాడట. యజమాని మంచివాడే, కానీ నేను చెప్పేది మొదట ఆయనకు అర్థం కాలేదు. ఖాతా పాస్‌వర్డ్ పుస్తకంలో రాసి ఉంది. దానితో తెరవబోతే ఓటీపీ ఆ కుర్రాడి పాత నంబరుకు వెళ్లింది. అదృష్టం బాగుండి అతను నంబరు మార్చలేదు. ఫోన్ ఎత్తాడు, నన్ను గుర్తుపట్టాడు, అంకెలు చెప్పాడు.

అప్పుడు తెరుచుకున్న పేజీని నేను మరిచిపోలేను. ఒకదాని కింద ఒకటి ముప్పైకి పైగా ల్యాప్‌టాప్‌లు. ప్రతిదానికీ ఒక గుర్తు, ఒక తేదీ, పక్కనే 48 అంకెల కీ. ఆ దుకాణంలో కొన్నవాళ్లందరి తాళంచెవులు ఒకే గుత్తిలో వేలాడుతున్నాయి. నీలం తెర మీద కీ గుర్తు కూడా కనిపిస్తుంది. అందులోని మొదటి ఎనిమిది అక్షరాలు చూసుకుంటూ జాబితాలో కిందికి దిగాం. 2023 జూన్ దగ్గర నాది దొరికింది.

యజమాని చదివారు, నేను నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఆరేసి అంకెలు, ఎనిమిది గుంపులు. ఆయన పేజీ మూసేసి వేరే బేరం చూసుకోవడానికి వెళ్లారు. నేను కొట్టాను. తప్పంది. మళ్లీ కొట్టాను. మళ్లీ తప్పే. "ఇది మీ కీ కాదేమో మేడం" అన్నారాయన. చేతులు చల్లబడిపోయాయి.

తమ్ముడు ఫోన్లోనే ఉన్నాడు. "కంగారు పడకు అక్కా. ప్రతి గుంపునూ 11తో భాగించు. శేషం వచ్చిన గుంపు తప్పు" అన్నాడు. ఆ కీ తయారీలోనే ఆ ఏర్పాటు ఉందట. ఎనిమిది గుంపుల్లో ఏదైనా సరే 11తో నిశ్శేషంగా పోవాలి. ఒక్క అంకె తప్పు పడినా, పక్కపక్క అంకెలు తారుమారైనా దొరికిపోతుంది. కౌంటర్ మీదే క్యాల్క్యులేటర్ తీసుకుని చేశాను. మొదటిది పోయింది, రెండోది పోయింది. మూడోది 411318. శేషం 6. మళ్లీ ఓటీపీ తెప్పించి పేజీ తెరిచి చూస్తే అక్కడ ఉన్నది 417318. నేను 7ను 1గా రాసుకున్నాను. ఆ కీ ఇప్పుడు పనికిరాదు కాబట్టి ఆ అంకెలు ఇక్కడ రాయగలుగుతున్నాను.

ఈసారి తెరుచుకుంది. కానీ నా నాలుగంకెల పిన్ పనిచేయలేదు, అది కూడా పాత బోర్డుకే ముడిపడి ఉంది. దుకాణం ఖాతా పాస్‌వర్డ్ యజమాని తన చేత్తో కొట్టాల్సి వచ్చింది. నా బల్ల మీద ఉండాల్సిన వస్తువును ఇంకొకరు దయతో తెరిచి ఇవ్వడం ఎలా ఉంటుందో ఆ కౌంటర్ ముందు నిలబడి తెలుసుకున్నాను. ఫోల్డర్‌లోకి వెళ్లి ఏదో ఒక ఫైలు నొక్కాను. చేటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు, కాసేపటికి నాయనమ్మ గొంతు: "అమ్మడూ, పడతా ఉందా?" దుకాణంలో అందరి ముందూ ఏడ్చాను.

అక్కడే నిలబడి తమ్ముడు చెబుతుంటే నా పేరుతో ఖాతా జోడించి, దానికే పెత్తనం ఇచ్చాను. దుకాణం ఖాతాను తీసేశాను. ఫైళ్లు వన్‌డ్రైవ్‌లోకి, అంటే ఆ ఖాతాకు ఇంటర్నెట్‌లో ఉండే నిల్వలోకి, వెళ్లే ఏర్పాటును ఆ కుర్రాడు మొదట్లోనే ఆపేసి ఉంచాడు. అందుకు మాత్రం అతనికి రుణపడి ఉన్నాను, లేకపోతే మా పిల్లల మార్కుల పట్టికలు ఎవరెవరి కంప్యూటర్లలోకి వెళ్లేవో. ఇంటికి వచ్చాక ఎన్‌క్రిప్షన్ ఆపి, డిస్క్ పూర్తిగా విప్పుకున్నాక మళ్లీ పెట్టాను. దానితో కొత్త కీ నా ఖాతాలోకి వచ్చింది, పాతది చెల్లదు. కొత్త కీని కాగితం మీద అచ్చు తీసి, ప్రతి గుంపునూ 11తో భాగించి చూసుకుని, పొలం కాగితాలున్న రేకు పెట్టెలో పెట్టాను. పాటలు ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి: ల్యాప్‌టాప్‌లో, బయటి డిస్క్‌లో, తమ్ముడి దగ్గర.

తాళం శాశ్వతంగా తీసేయవచ్చు కదా అని మా స్టాఫ్‌రూమ్‌లో అడిగారు. నేనూ ఆలోచించాను. కానీ ఈ ల్యాప్‌టాప్‌ను రోజూ బస్సులో తీసుకెళ్తాను. పిల్లల ఆధార్ వివరాలు, ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు ఇందులో ఉన్నాయి. ఎక్కడైనా మరిచిపోతే డిస్క్ ఊడదీసి వేరే కంప్యూటర్‌కు తగిలించినా చదవలేకుండా కాపాడేది ఈ తాళమే. నా కోపం తాళం మీద కాదు, చెవి ఎవరి చేతిలో ఉందో చెప్పకుండా అమ్మిన పద్ధతి మీద. ఇంట్లోనే ఉండే ల్యాప్‌టాప్ అయితే నేనూ తీసేసేదాన్నేమో.

మీ ల్యాప్‌టాప్ దుకాణంలోనే సెట్ చేయించుకుని ఉంటే ఇవాళే సెట్టింగ్స్ తెరిచి పైన ఉన్న మెయిల్ మీదేనా అని చూసుకోండి. కాకపోతే ల్యాప్‌టాప్ బాగున్నప్పుడే మార్చుకోండి. బాగున్నప్పుడు అరగంట పని. బోర్డు పోయాక నా అంత అదృష్టం అందరికీ ఉండదు, ఆ కుర్రాడు నంబరు మార్చేసి ఉంటే ఈ సమీక్ష ఇంకోలా ఉండేది.

బ్యాటరీ గురించి కొన్న కొత్తలో ఏడు గంటలు వస్తోందని చెప్పాను. ఇప్పుడు నాలుగు గంటలకు మించి రావడం లేదు. మొదటి రెండేళ్లూ రాత్రంతా ఛార్జింగ్‌కు పెట్టి వదిలేశాను, 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు ఉందని ఈ మధ్యే చూశాను. బడిలో ప్లగ్గు దగ్గర కూర్చుంటాను కాబట్టి నాకు సరిపోతోంది. రోజంతా తిరిగే ఉద్యోగమైతే సరిపోదు. తెలుగు ఎక్కువగా రాసేవాళ్లకు, ఇంటికి వచ్చి బాగుచేసే వారంటీ కలిపి తీసుకునేవాళ్లకు ఈ మోడల్ ఇప్పటికీ మంచిదే. వచ్చే ఏడాది మా అబ్బాయి డిగ్రీలో చేరుతున్నాడు. వాడికి కూడా ఇదే రకం కొనాలనుకుంటున్నాం, ధర మరీ పెరగకపోతే. పెట్టె మాత్రం సీలు విప్పకుండా ఇంటికి తెచ్చుకుంటాం.