స్పోర్ట్ బైక్ సీటు మీద ఎయిర్ కుషన్: 16,000 కిలోమీటర్లు తిరిగాక

విజయవాడ నుంచి హైదరాబాద్ సుమారు 270 కి.మీ. కోదాడ దాకా ఏ బండి మీదైనా హాయిగానే సాగుతుంది. సూర్యాపేట దాటాక ఉంటుంది అసలు పరీక్ష. క్లిప్-ఆన్ హ్యాండిల్ (ముందుకు వంగి పట్టుకోవాల్సిన, కిందికి ఉండే పొట్టి హ్యాండిల్) ఉన్న బండి మీద ముందు పిరుదుల ఎముకలు మండటం మొదలవుతుంది. ఆ మంట తప్పించుకోవడానికి తెలియకుండానే ట్యాంకు వైపు జరుగుతాం. జరిగినకొద్దీ ఒంటి బరువు అరచేతుల మీద పడుతుంది. ఇంకో అరగంటకు చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతాయి. మణికట్టు నొప్పి అని అందరూ హ్యాండిల్‌ను తిడతారు గానీ, చాలాసార్లు ఆ నొప్పి పుట్టేది సీటు దగ్గరే.

అందుకే ముందు సీటు సంగతి. బండి 155 సీసీ, ఫుల్ ఫెయిరింగ్ (ముందూ పక్కలా ప్లాస్టిక్ తొడుగు), సీటు ఎత్తు 815 మి.మీ. దాని మీద ఏడాదిన్నరగా వాడుతున్న గాలి కుషన్ ఇది, ధర 1,900 రూపాయలు. లోపల గాలి గదులున్న టీపీయూ (రబ్బరులా సాగే ప్లాస్టిక్) సంచి, పైన జాలీ కవరు, కింద రెండు పట్టీలు. ఎన్‌హెచ్ 65, ఎన్‌హెచ్ 16, దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ రోడ్డు, మూడింటి మీదా బాగా తిరిగింది.

కొన్నవాళ్లలో చాలామంది మొదటి వారంలోనే బాలేదని తీసి పక్కన పడేస్తారు. కారణం ఒకటే, గాలి ఎక్కువ పెట్టడం. బిగుతుగా ఊదితే అది బంతిలా ఉంటుంది. మలుపులో నడుము అటూ ఇటూ ఊగుతుంది, మోకాళ్లు ట్యాంకు గుంటల్లోంచి పైకి లేస్తాయి, బ్రేకు కొడితే ముందుకు జారతాం. సరైన పద్ధతి ఏమిటంటే, నోటితో సగానికి పైగా ఊది, బండెక్కి, రెండు కాళ్లూ ఫుట్‌పెగ్‌ల మీద పెట్టి కూర్చోవాలి. ఎవరైనా బండి పట్టుకుంటే మంచిది, లేదంటే బండిని నిటారుగా నిలబెట్టే ప్యాడాక్ స్టాండ్ వేసుకోవాలి. అప్పుడు వాల్వ్ కొద్దిగా తిప్పి, ఎముక సీటుకు తగలకుండా, బాగా దగ్గరికి వచ్చిందనిపించేదాకా గాలి వదలాలి. ఎముకకూ సీటుకూ మధ్య వేలెడు మందం, అంటే 12 నుంచి 15 మి.మీ. మిగిలితే చాలు. పైనుంచి చూస్తే కుషన్ పంక్చర్ అయినట్టు, వాడిపోయినట్టు కనిపిస్తుంది. అలాగే ఉండాలి. గదులన్నీ ఒకదానికొకటి కలిసే ఉంటాయి కాబట్టి, ఎముక కింద నలిగిన గాలి తొడల కిందకు జరుగుతుంది. ఒకే చోట పడే ఒత్తిడి నాలుగు చోట్లకు సర్దుకుంటుంది. నిండా గాలి ఉంటే అది జరగడానికి చోటే ఉండదు.

మన ఎండలకు ఇంకో లెక్క ఉంది. తెల్లవారుజామున 25 డిగ్రీల్లో సరిచేసిన గాలి, మధ్యాహ్నం 45 డిగ్రీలకు చేరితే సుమారు 7 శాతం వ్యాకోచిస్తుంది. ఎండలో ఆపిన బండి మీద నల్ల కవరు అంతకంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. నకిరేకల్ దగ్గర టీ తాగి వచ్చేసరికి కుషన్ మళ్లీ గట్టిపడి ఉంటుంది. కూర్చుని ఒక్కసారి వాల్వ్ తిప్పి, బుస్సుమనగానే మూసేయాలి. సాయంత్రం చల్లబడ్డాక రెండు ఊదులు ఊదాలి. వేసవిలో ఇది తప్పదు.

కుషన్ బిగించడంలో చాలామంది పొరపాటు చేస్తారు. సీటు విప్పి, పట్టీ సీటు అడుగు ప్లాస్టిక్ మీదుగా పోనివ్వాలి. సీటు కింద రబ్బరు బుడిపెలుంటాయి, వాటి కింద పట్టీ ఇరుక్కుంటే సీటు సరిగా కూర్చోదు, గతుకుల్లో టకటకలాడుతుంది. బ్యాటరీ టెర్మినల్స్ మీదుగా, వైర్ల మీదుగా పోనివ్వకూడదు. మిగిలిన పట్టీ కొస వేలాడితే చైనులోకో వెనక చక్రంలోకో పోతుంది. ఎక్కువైనది కోసేసి, పోగులు లేవకుండా కోసిన అంచును లైటర్‌తో కాస్త కరిగించాలి. రెగ్జిన్ మీద కుషన్ జారుతుంటే, అల్మరా అరల్లో వేసే రబ్బరు జాలీ షీటు ముక్క కింద వేయండి. పట్టీలు ఎంత బిగించినా ఆగని జారుడు దాంతో ఆగింది.

పదకొండో నెలలో కుట్టు పక్కన సన్నగా కారడం మొదలైంది. ఉదయం పెట్టిన గాలి మధ్యాహ్నానికి ఉండేది కాదు. సబ్బునీళ్లు రాస్తే బుడగలు కనిపించాయి. ట్యూబు పంక్చర్ వేసే రబ్బరు సొల్యూషన్ టీపీయూకి అతుక్కోదు, రెండో రోజుకే అతుకు పొరలా లేచివస్తుంది. టీపీయూ అతుకే కావాలి. స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక అంటించి, 24 గంటలు గాలి పెట్టకుండా వదిలేస్తే నిలుస్తుంది. ఇప్పటిదాకా మళ్లీ కారలేదు.

అయితే కుషన్ ఒక్కటే కొంటే సగం డబ్బు వృథా. చేతుల మీద బరువు తగ్గాలంటే తొడలతో ట్యాంకును పట్టాలి, నున్నటి ట్యాంకు మీద ప్యాంటు నిలవదు. రెండు పక్కలా ట్యాంక్ గ్రిప్ ప్యాడ్లు తప్పనిసరి. ముందు కాగితం ముక్క అంటించుకుని, కూర్చుని, మోకాలి లోపలి భాగం ఎక్కడ తగులుతుందో గీత గీసుకోవాలి. చాలామంది అందం చూసి రెండంగుళాలు పైకి అంటిస్తారు, అక్కడ మోకాలు తగలనే తగలదు.

బ్రేకు, క్లచ్ లివర్ల కోణం ఖర్చులేని మార్పు. చేయి గ్రిప్ మీద పెట్టి వేళ్లు చాపితే, మోచేయి నుంచి వేలికొసల దాకా ఒకే గీతలో ఉండాలి. లివర్ పైకి ఉంటే ప్రతిసారీ మణికట్టు వెనక్కి విరుగుతుంది. క్లాంపు బోల్టులు వదులు చేసి కొద్దికొద్దిగా కిందికి తిప్పాలి. బ్రేకు క్లాంపు మీద అప్ గుర్తు ఉంటే పై బోల్టు ముందు, తర్వాత కింది బోల్టు బిగించాలి. హ్యాండిల్ రెండువైపులా చివరిదాకా తిప్పి, లివర్ ఫెయిరింగ్‌కు తగలట్లేదని చూడకుండా మాత్రం రోడ్డెక్కవద్దు.

యాక్సిలరేటర్‌కు తగిలించే అరచేతి ప్లాస్టిక్ రెక్క హైవేలో సుఖమే. ఊళ్లోకి రాగానే అరచేతికి తగలకుండా పక్కకు తిప్పేయాలి. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో బ్రేకు కోసం వేళ్లు చాపినప్పుడు అరచేయి దాన్ని నొక్కితే బండి ముందుకు దూకుతుంది.

బట్టల విషయంలో, కాటన్ లోదుస్తులు చెమటకు తడిసి అంచుల దగ్గర ఒరుస్తాయి. కుట్లు ఎత్తుగా లేని పాలిస్టర్-స్పాండెక్స్ షార్ట్స్ వేసుకుంటే కుషన్ విలువ రెట్టింపవుతుంది. మే నెలలో మెష్ జాకెట్ కింద బనియన్ తడిపి వేసుకోవడం సూర్యాపేట వైపు పొడి గాలిలో అద్భుతంగా పనిచేస్తుంది, ముప్పావు గంటలో మళ్లీ తడపాలి. ఒంగోలు, నెల్లూరు వైపు ఉక్కపోతలో చెమటే ఆరదు, బనియన్ ఎక్కడ ఆరుతుంది? అక్కడ ప్రతి 60 కి.మీ.కి ఆగి ఉప్పు వేసిన మజ్జిగ తాగడమే దారి. వడగాలిలో వైజర్ తెరవొద్దు, ఒంటికంటే వేడిగా ఉన్న గాలి ముఖాన్ని చల్లబరచదు.

రోజూ గుంటూరు–విజయవాడ మధ్య 35 కి.మీ. తిరిగేవాళ్లకు ఈ కుషన్ అక్కర్లేదు. కాళ్లు ఇప్పటికే మునివేళ్ల మీద ఆనేవాళ్లకూ నేను వద్దనే చెప్తాను. కాజ టోల్ దగ్గర రద్దీలో ఆ అర అంగుళం ఎత్తే బండిని పడేస్తుంది. వాళ్లు ఆటోనగర్‌లో సీటు కుట్టేవాళ్ల దగ్గర, ఎత్తు పెంచకుండా ఎముకలు ఆనే చోట ఫోమ్ కోసి, అంతే మందం జెల్ ముక్క పెట్టించుకోవడం మేలు. కవరు కుట్టేముందు అక్కడే పావుగంట కూర్చుని చూడాలి, కుట్టాక మార్చమంటే రెగ్జిన్ మళ్లీ కొత్తది వేయాలి.