బెలూన్ల కింద రెండు హారర్ సినిమాలు

పోయిన ఆదివారం నలుగురు స్నేహితులం విజయవాడ బెంజి సర్కిల్ దగ్గరున్న పార్టీలకూ సినిమాలకూ గంటల లెక్కన అద్దెకిచ్చే ఒక ప్రైవేటు థియేటర్‌కు వెళ్లాం. మూడున్నర గంటలకు రెండు వేలు. బుక్ చేసేటప్పుడే "ఎవరి పుట్టినరోజండీ?" అని అడిగారు. ఎవరిదీ కాదు, హారర్ సినిమాలు చూస్తాం అన్నాను. అయినా వెళ్లేసరికి గోడకు బంగారు రంగు అక్షరాలు, నేలంతా బెలూన్లు! అవి తీయించడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటే చివర్లో మా కొంప ముంచింది.

ధ్వని మాత్రం అద్భుతం. ముందు జోర్డాన్ పీల్ 2017లో తీసిన ‘గెట్ అవుట్’ వేయించాం. తెల్లజాతి ప్రియురాలి ఇంటికి వెళ్లిన నల్లజాతి యువకుణ్ణి ఆమె తల్లి టీ కప్పులో చెంచా తిప్పుతూ హిప్నటైజ్ చేసి మత్తులోకి దించుతుంది. పింగాణీ మీద ఆ గీకుడు సరిగ్గా నా కుడి చెవి వెనక వినిపించింది. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో చూసినప్పుడు దాన్ని పట్టించుకోనేలేదు.

చెంచాకన్నా ఆ ఇంటి అతిథుల మర్యాదకే నాకు ఎక్కువ భయం వేసింది. ఒకాయన అతన్ని చూడగానే నల్లజాతి గోల్ఫ్ ఆటగాడు టైగర్ వుడ్స్ సంగతి ఎత్తుతాడు. ఒకావిడ జబ్బ నొక్కి చూస్తుంది. ఎవరూ మాట తూలరు. గుంటూరు బ్రాడీపేటలో అద్దె ఇల్లు వెతుకుతున్నప్పుడు ఇంటావిడ నాకు మంచినీళ్లిచ్చి, ఉద్యోగం అడిగి, ఇంటిపేరు అడిగి, "మాంసం వండుతారా బాబూ?" అంది నవ్వుతూ. మర్నాడు ఫోను చేస్తే చుట్టాలకు ఇచ్చేశామంది. టు-లెట్ బోర్డు ఇంకో నెల వేలాడింది. అక్కడి జాతి, ఇక్కడి కులం ఒకటే అనడం లేదు గానీ, తెర మీద వాళ్లు నవ్వుతుంటే నాకు ఆ గ్లాసే గుర్తొచ్చింది.

రెండోది జార్జ్ రొమెరో 1968లో తీసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’. నడిచే శవాల నుంచి రాత్రంతా ప్రాణం కాపాడుకున్న నల్లజాతి కథానాయకుడు తెల్లవారాక కిటికీ దగ్గరకు వస్తాడు. బయట తుపాకులు పట్టుకున్నది శవాలను ఏరివేయడానికి వచ్చినవాళ్లు. సరిగ్గా అప్పుడే తలుపు తెరిచి లైట్లన్నీ వేశారు.

"టైమైపోయింది సార్, తరవాత పార్టీ ఉంది."

అయిదు నిమిషాలకు వంద ఎక్కువిస్తానన్నా వినలేదు. ఆ కథానాయకుణ్ణి కూడా శవమే అనుకుని కాల్చేస్తారని మెట్లు దిగుతూ నేను చెబితే, మావాళ్లు నమ్మలేదు. నేనే కల్పించానన్నారు. కేకు డబ్బాతో ఎక్కుతున్న కుటుంబం మాకు దారిచ్చింది.

ఆ ధ్వని కోసం మళ్లీ వెళ్తాను. నాలుగు గంటలకు డబ్బు కట్టి, బెలూన్లు వద్దని ముందురోజే చెప్పి.