సగం ధరకు తెలుగు పుస్తకమా? కొనే ముందు అమ్మేదెవరో చూడండి

ఆన్‌లైన్‌లో తెలుగు పుస్తకాలు కొనే మిత్రులకు హెచ్చరిక. పేరున్న ఒక అమ్మకాల వేదికలో ఇటీవల నేను తెప్పించుకున్న నవల దొంగ ముద్రణ అని తేలింది. వేదిక పేరు రాయను. ఇలాంటి సరుకు ఎక్కడైనా తగలవచ్చు.

ముఖచిత్రం వెలిసిపోయినట్టుంది. లోపలి పేజీలు అసలు ప్రతిని స్కాన్ చేసి తీసినవి. సున్నాలు సిరాతో పూడిపోయాయి, వత్తులు పక్క అక్షరాలకు అతుక్కుపోయాయి, కొన్ని పేజీల్లో తలకట్లు కనిపించనే లేదు. ప్రచురణకర్త చిరునామా, ముద్రణ సంవత్సరం ఉండవలసిన పేజీని పూర్తిగా ఎత్తేశారు. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీదైతే పుస్తకాన్ని తిరగేసి చూసి కొంటాం. ఇక్కడ చూసేది ముఖచిత్రం ఫోటో ఒక్కటే, అది అసలు పుస్తకానిదే పెడతారు.

వాపసు అడిగితే ముందు ‘పుస్తకం చిరగలేదు కదా’ అన్నారు. గట్టిగా అడిగాక వచ్చిన జవాబు: ‘మేము మధ్యవర్తులం మాత్రమే, అమ్మింది వేరే వ్యాపారి, కాపీరైట్ గొడవలతో మాకు సంబంధం లేదు.’ సరుకు ఉన్నది వాళ్ల గోదాములో, పెట్టె మీద టేపు వాళ్లది, డబ్బు కట్టించుకున్నదీ వాళ్లే. దోషం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మరెవరో!

ఆ జవాబులో కొంత నిజం ఉండటం వల్లే చాలామంది అక్కడితో ఊరుకుంటారు. ఇతరులు పెట్టిన సమాచారానికి మధ్యవర్తిని బాధ్యుణ్ని చేయకుండా ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం సెక్షన్ 79 కొన్ని షరతులతో రక్షణ ఇస్తుంది. మైస్పేస్ అనే సోషల్ మీడియా సైటు మీద సూపర్ క్యాసెట్స్ అనే సంగీత కంపెనీ వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం 2016లో ఏమన్నదంటే, తమ దగ్గర ఎక్కడో పైరసీ ఉండవచ్చన్న అనుమానం చాలదు, ఫలానా రచన అక్రమంగా ఉందని వేదికకు నిర్దిష్టంగా తెలిసి ఉండాలి. 2018లో అదే కోర్టు, క్రిస్టియన్ లూబుటాన్ పాదరక్షల ట్రేడ్‌మార్క్ కేసులో, అమ్మకంలో చురుగ్గా పాలుపంచుకునే వేదిక ఆ రక్షణ వెనక దాక్కోలేదన్న వైఖరి తీసుకుంది. 2020లో ఆమ్వే అనే కంపెనీ కేసులో అదే కోర్టు ధర్మాసనం మాత్రం, చురుగ్గా పాలుపంచుకునే వేదిక, ఊరికే చోటిచ్చే వేదిక అన్న తేడా సెక్షన్ 79లో లేదంది. నాకు 2018 నాటి మాటే న్యాయంగా అనిపిస్తుంది. గోదాము నడుపుతూ, ప్రతి అమ్మకం మీద కమిషన్ తీసుకునేవాణ్ని ఉత్తరాలు మోసే పోస్ట్‌మ్యాన్‌తో సమానంగా చూడటం ఎలా?

అయితే ఆ వాదం కోర్టుల్లో ఎలా తేలినా మన డబ్బు సంగతి వేరు. ఆ రక్షణ కావాలనుకునే వేదిక కూడా 2020 నాటి వినియోగదారుల ఈ-కామర్స్ నియమాలను పాటించాలి. ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. అసలుదని చెప్పి నకిలీ సరుకు అంటగట్టిన అమ్మకందారు దాన్ని వెనక్కి తీసుకోనని అనడానికి వీల్లేదు. కొన్న తరువాత మనం రాతపూర్వకంగా అడిగితే అమ్మకందారు చిరునామాతో సహా వివరాలు వేదిక ఇవ్వాలి. నేను ఈ నియమాలను పేర్కొంటూ ఈమెయిల్ పంపాకే డబ్బు వెనక్కి వచ్చింది. కస్టమర్ కేర్ చాట్‌లో వాదించడం దండగ.

అదే నియమాల్లో ఇంకో విచిత్రం ఉంది. కాపీరైట్ చట్టం కింద తొలగించిన సరుకును పదేపదే అమ్మకానికి పెట్టేవాళ్లెవరో గుర్తించేలా వేదిక రికార్డు ఉంచాలట. కానీ వాళ్లను వెళ్లగొట్టాలన్న నిర్బంధం లేదు, ఇష్టమైతే వెళ్లగొట్టవచ్చు! తొలగించిన పుస్తకం మళ్లీ ప్రత్యక్షమవుతోందంటే మరి ఆశ్చర్యమేముంది.

అందుకే డబ్బు వచ్చినా ప్రచురణకర్తకు తప్పక చెప్పండి. పైన చెప్పిన ‘నిర్దిష్టంగా తెలియడం’ అన్నది హక్కుదారు ఇచ్చే నోటీసుతోనే గట్టిగా రుజువవుతుంది. అమ్మకపు పేజీ లింకు, బిల్లు, అసలు ప్రతి పక్కన దొంగ ప్రతి పెట్టి తీసిన ఫోటోలు పంపితే వాళ్ల పని తేలికవుతుంది. తెలుగు ప్రచురణకర్తల్లో చాలామంది చిన్నవాళ్లు, ప్రతి వేదికనూ రోజూ గాలించే సిబ్బంది వాళ్లకు ఉండరు.

చవకైన ప్రతి ప్రతిదీ దొంగది కాదు. రచయిత మరణించి 60 ఏళ్లు దాటితే సాధారణంగా కాపీరైట్ తీరిపోతుంది, ఆ రచనను ఎవరైనా అచ్చువేసుకోవచ్చు. అనుమానించవలసింది జీవించి ఉన్న రచయితల కొత్త పుస్తకాలు సగం ధరకు, పేరెన్నడూ వినని అమ్మకందారు దగ్గర కనిపించినప్పుడు.

దొంగ ప్రతి అని తెలిశాక దాన్ని పాత పుస్తకాల కొట్టులో మాత్రం అమ్మకండి. అలాంటి ప్రతులను అమ్మడం కూడా కాపీరైట్ ఉల్లంఘనే. వేదిక నెల దాటినా పలక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే మీరు ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలు మించనంతవరకు ఫీజు లేదు.