సెలెస్తినా బొమ్మలు: బుర్గోస్ ప్రతి మేలా, సెవిల్యా ప్రతులు మేలా?

ఫెర్నాందో దె రోహాస్ రాసిన, నాటకంలా సంభాషణలతో సాగే స్పానిష్ రచన 'సెలెస్తినా'లో అసలు కథ నడిపేది కుంటెనకత్తె సెలెస్తినాయే. ప్రేమలో పడిన యువకుడు కలిస్తో దగ్గర డబ్బు గుంజుతుంది, నూలు అమ్మే నెపంతో అతను కోరుకున్న మెలిబేయా ఇంట్లో అడుగుపెడుతుంది. ఆమెను తొలి పాఠకులు ఎలా ఊహించుకున్నారో తెలుసుకోవాలంటే మన ముందు రెండు రకాల బొమ్మలున్నాయి.

ఒకటి, స్పెయిన్‌లోని బుర్గోస్ నగరంలో వేసిన, 1499 నాటిదిగా చెప్పే ముద్రణ. అచ్చువేసింది ఫద్రికె దె బసిలేయా. మిగిలిన ఒకే ఒక్క ప్రతి న్యూయార్క్‌లోని హిస్పానిక్ సొసైటీ గ్రంథాలయంలో ఉంది. 16 అంకాలకు 17 చెక్క బ్లాకుల బొమ్మలు. ఇవి ఈ కథ కోసం గీసినవి. ఎవరు ఇంట్లో ఉన్నారు, ఎవరు గుమ్మం బయట ఉన్నారు అన్నది ఇందులో చూడాలి. సెలెస్తినా బతుకంతా పరాయి గుమ్మాలు దాటడమే కాబట్టి ఆమెను అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి ఆధారం లేదు.

రెండోది, స్పెయిన్‌లోనే సెవిల్యా నగరంలో క్రోంబెర్గర్ ముద్రణాలయం వేసిన ప్రతులు. వాటి మీద 1502 అని ఉన్నా, నిజానికి అవి ఆ తర్వాత అచ్చయినవి. వీటిలో విడివిడి మనుషుల బ్లాకులను పక్కపక్కన పేర్చి, పైన పేర్లు అచ్చువేస్తారు. 1496లో స్ట్రాస్‌బర్గ్‌లో వచ్చిన ప్రాచీన రోమన్ నాటకకర్త టెరెన్స్ నాటకాల ముద్రణలోనూ ఇదే పద్ధతి. సన్నివేశానికొక బొమ్మ చెక్కించే ఖర్చు తప్పుతుంది. యువకుడి బ్లాకు ఒకటుంటే ఇక్కడ కలిస్తో, ఇంకో పుస్తకంలో ఇంకో నాయకుడు. అందుకే ఆ ముఖంలో గర్వమో విరహమో వెతకడం వృథా. నాలుగో అంకంలో మెలిబేయా ఇంటి పనిమనిషి లుక్రేసియా ముసలి సెలెస్తినాను ముఖం మీది కత్తిగాటుతో గుర్తు చేస్తుంది. ఎవరికైనా సరిపోవలసిన బ్లాకులో అలాంటి గుర్తుకు చోటెక్కడిది?

పాత్ర స్వభావం కోసమైతే నేను సందేహించకుండా బుర్గోస్ వైపే ఉంటాను. ఒక్క జాగ్రత్త మాత్రం కావాలి. అంకాల ముందు కథాసారాలు చేర్చింది ముద్రాపకులేనని రోహాస్ తన ముందుమాటలోనే నొచ్చుకున్నాడు. బొమ్మ గీసినవాడు సంభాషణలు కాక ఆ సారాన్నే చూసి గీసి ఉండవచ్చు. కాబట్టి బొమ్మను ముందు సారంతో, తర్వాత అంకంతో పోల్చి చూడండి.

ఆనాటి చదివే పద్ధతి తెలియాలంటే మాత్రం సెవిల్యా బొమ్మలే మేలు. ఈ రచనను నలుగురి ముందు గొంతెత్తి చదివేవారు. ఒక్కోసారి సంతోషంగా, ఒక్కోసారి కోపంగా, ఒక్కోచోట నోట్లో నోట్లో గొణుగుతూ చదవాలని ఈ రచన అచ్చు ప్రతిని సరిదిద్దిన అలోన్సో దె ప్రోయాసా చివరి పద్యాల్లో చెప్పాడు. ఒక్కడే అన్ని గొంతులూ పలకాలి. అలాంటివాడికి ఈ అంకంలో ఎవరెవరు మాట్లాడతారో చూడగానే కనిపించే ఆ పేర్ల వరుస ఎంతో అక్కరకొస్తుంది.